పొయ్యిదరి కీచురాయి: ఒక క్రిస్మసు ప్రేమకథ

చలికాలపు రాత్రివేళ ఇంటిల్లిపాదియు నొకచోట గూర్చుండి, ఒకరు చదువుచుండగా తక్కినవారు చెవియొగ్గి వినుటలోని సుఖము మనకు క్రొత్తది కాదు. పురాణకాలక్షేపములు జరిగిన యిండ్లలో పెరిగినవారి కందరికిని అది యెరుకయే. ఇంగ్లండు దేశమున పందొమ్మిదవ శతాబ్దమునందు క్రిస్మసు పండుగనాళ్లలో ఇట్టి పఠనమునకే తగినట్లు చిన్నచిన్న కథాగ్రంథములు వెలువడుచుండెను. అవి రెండు మూడు సాయంకాలములలో ముగియునంతటివి. నవ్వించుట, కొంచెము కంటతడి పెట్టించుట, చివరకు పెండ్లితోనో విందుతోనో ఊరడించి పంపుట వాని పని. ఇట్టి గ్రంథములను పండితులు కొందరు తేలిక సరకని త్రోసివేయుదురు. తేలికగా నున్నంత మాత్రమున అందు బరువేమియు లేదని యెంచరాదని చూపుటకే, ఆ కోవలోని యొక చిన్నపుస్తకమును మేమిచ్చట మా సోదరీమణుల యెదుట నుంచుచున్నాము.

ఈ క్రిస్మసు పుస్తకములకు గొప్ప ప్రచారము కల్పించినవాడు చార్లెస్ డికెన్స్. ఆయన ‘క్రిస్మస్ కేరల్’ 1843వ సంవత్సరము డిసెంబరు 19వ తేదీన వెలువడి, పండుగ ముందటి రోజునకే 6000 ప్రతులు చెల్లిపోయెను. దాని వెల 5 షిల్లింగులు. ఆ కథలోని బీద గుమాస్తా బాబ్ క్రాచిట్‌కు వారమునకు వచ్చు జీతము 15 షిల్లింగులు. అనగా తన కథ చెప్పు పుస్తకమును తానే కొనవలెనన్న ఆ గుమాస్తా తన వారపు జీతములో మూడవవంతు వెచ్చింపవలసినదే! పుస్తకము బహుమానమున కీయదగినంత అందముగా నుండవలెనని డికెన్స్ మేలైన అట్టలు, రంగులద్దిన బొమ్మలు పెట్టించెను. అందువలన 1000 పౌనుల లాభము నాశించిన యాయనకు మొదటి ముద్రణమున దక్కినది 230 పౌనులు మాత్రమే. అయినను ఆయన వెనుదీయలేదు. 1844లో ‘చైమ్స్’ అను రెండవ పుస్తకమును, 1845వ సంవత్సరము డిసెంబరు 20వ తేదీన ‘క్రికెట్ ఆన్ ది హార్త్’ అను మూడవ దానిని వెలువరించెను. మేము చెప్పబూనినది ఈ మూడవ దానినిగూర్చియే. దాని పేరును మన భాషలో ‘పొయ్యిదరి కీచురాయి’ అనవచ్చును.

మొదటి రెండింటియందును బీదల కష్టములు, ధనికుల కాఠిన్యము ప్రధానము. ఈ మూడవది అట్లు గాక యింటిలోని ప్రేమకథ. అదియును పెండ్లితో ముగియు ప్రేమ గాదు. పెండ్లియైన పిదప ఆలుమగల మధ్య నిలువవలసిన ప్రేమ. అధ్యాయములకు ‘మొదటి కూత’, ‘రెండవ కూత’, ‘మూడవ కూత’ అని పేర్లు పెట్టి, కీచురాయి మూడు మారులు కూయగనే కథ ముగియునట్లు గ్రంథకర్త చమత్కరించినాడు.

ఇచ్చట ఒక మాట విప్పి చెప్పవలసియున్నది. మనకు పొయ్యి యనగా వంటయింటి వస్తువు. చలిదేశమగు ఇంగ్లండులో నాడు అట్లు గాదు. అందరును కూర్చుండు గదిలోనే గోడకు తొలిచిన గూటిలో మంట మండుచుండెను. దానిపై నీళ్ల కెటిలు క్రాగుచుండెను. దాని ముందరనే మగడు బూట్లు విప్పుచుండెను, ఇల్లాలు బిడ్డను జోకొట్టుచుండెను, కుక్క పండుకొనుచుండెను. ఆ వెచ్చదనమున కాశపడి గోడ సందులలో కీచురాళ్లు కాపురముండెను. వానిలో మగది మాత్రమే ముందురెక్కలను ఒకదానితో నొకటి రాచి కూయును. వెచ్చదన మెక్కువైనకొలది కూత వడి హెచ్చును. మనలో కీచురాయి రొద చెవికి వెగటని పేరు. ఆ దేశపు పల్లెవాసులకో, పొయ్యిదగ్గర కీచురాయి కూయుట యింటికి శుభముగా నుండెను. ఈ నమ్మకమే యీ కథకు మూలకందము.

కథాసంగ్రహము

జాన్ పీరీబింగిల్ ఊరూరికి మూటలు చేరవేయు బండివాడు. మంచివాడు, మాటనేర్పు లేనివాడు, వయసున భార్యకంటె చాల పెద్దవాడు. అతని భార్య మేరీ పొట్టిగా, గుండ్రముగా నుండుటచే అతడామెను ‘డాట్’ అని, అనగా ‘చుక్క’ అని, ముద్దుగా పిలుచును. వారికి రెండు నెలల పసివాడు గలడు. ఆ బిడ్డ నెత్తుకొనుటకు టిల్లీ స్లోబాయ్ అను అనాథబాలిక యుండెను. బిడ్డ తలను తలుపులకు, బల్లలకు తాకించుచుండుటలో ఆమెకు సాటివచ్చువారు లేరు. బండివెంట పరుగెత్తు బాక్సర్ అను కుక్కయు నా యింటివారిలో నొకటి. తాను క్రొత్తగా కాపురమునకు వచ్చిన రాత్రి మొట్టమొదట తన్ను పలుకరించినది ఆ కీచురాయియే యని డాట్ మగనితో చెప్పి మురియును.

ఒక చలిరాత్రి జాన్ తన బండిలో చెవిటివాడైన యొక ముసలి బాటసారిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆతనికి ఆ యింటనే బస దొరకెను. వచ్చినవానిని పోల్చుకొనగానే డాట్ ఉలికిపడెను. కాని మగనితో నేమియు చెప్పలేదు.

ఆ యూరనే టాకిల్టన్ అను బొమ్మల వర్తకుడు గలడు. పిల్లలనిన గిట్టనివాడు బొమ్మల వ్యాపారము చేయుట యెంత వింత! పొయ్యిదరి కీచురాయిని సైతము కాలితో నలిపివేయుట యతని కలవాటు. ఆ పురుగు కూతను అతడు సహింపలేడనియే కాదు, పరుల యింటి సుఖమును సహింపలేడనియు మన మిందువలన గ్రహింపవలెను. ఆ ముదురు వర్తకుడు మే ఫీల్డింగ్ అను పడుచుపిల్లను పెండ్లాడ నిశ్చయించుకొనెను. ఆ పిల్ల మనసు సముద్రము దాటి దక్షిణ అమెరికాకు పోయిన ఎడ్వర్డ్ ప్లమ్మర్ అను యువకునిపై నుండెను. అతడు చనిపోయెనని అందరు నమ్మిరి. మే తల్లి పూర్వ మున్న సిరి తలచుకొని, కూతు నొక కలవారి యింట పడవేసిన చాలుననుకొనెను. 1897లో అచ్చుపడిన గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ చదివిన మన సోదరీమణులకు ఈ బేరపు పెండ్లి వ్యాఖ్యాన మక్కరలేకయే తెలియగలదు.

ఎడ్వర్డు తండ్రి కాలెబ్ ప్లమ్మర్ టాకిల్టన్‌కడ బొమ్మలు చేసి పొట్టపోసికొను నిరుపేద. సరకులపెట్టెకు చుట్టిన గోనెగుడ్డతో కుట్టిన కోటు తొడుగుకొనును. దాని వీపుపై వర్తకుల అక్షరములును ‘గాజు సామాను’ అను వ్రాతయు నట్లే యుండును. అతని కూతురు బెర్తా పుట్టు గ్రుడ్డి. బొమ్మల కన్నులు దిద్దు చేతులకు తన కూతురి కన్నులు దిద్దుట చేతగాదు గనుక, ఆ తండ్రి మాటలతో నామె కొక లోకము నిర్మించెను. పెచ్చులూడిన గోడలు రంగురంగుల గోడలనియు, గోనెకోటు క్రొత్త నీలికోటనియు, తిట్టుచు పని చేయించుకొను టాకిల్టన్ పైకి పరిహాసమాడుచు లోలోపల తమ్ము పోషించు మహోపకారియనియు చెప్పుచుండెను. గ్రుడ్డిపిల్ల నమ్మెను. నమ్మి, ఆ లేని మహోపకారిపై ఎవరికిని చెప్పుకొనరాని ప్రేమ పెంచుకొనెను.

ఇంతలో టాకిల్టన్ పెండ్లికి ముందురాత్రి జాన్‌ను ఏకాంతముగా పిలిచి, తన బొమ్మల గోదాము కిటికీనుండి యొక దృశ్యము చూపించెను. ఆ ముసలి బాటసారి తన తెల్లని పెట్టుడుజుట్టు చేతబట్టుకొని, నిటారుగా నిలిచిన చక్కని యువకుడై, డాట్ చెంతనుండి మాటలాడుచుండెను. డాట్ తన చేతులతో ఆ జుట్టును మరల నతని తలపై సవరించి నవ్వుచుండెను. జాన్ గుండె పగిలెను.

ఆ రాత్రి

ఇంతవరకు నవ్వులతో సాగిన కథ ఇచ్చట చీకటిలో ప్రవేశించును. జాన్ ఒంటరిగా పొయ్యియెదుట కూర్చుండెను. గోడపై తుపాకి యున్నది. పక్కగదిలో ఆ పరదేశి నిద్రించుచున్నాడు. తుపాకి చేతబట్టి లేచువరకు వచ్చెను. అప్పుడు కీచురాయి కూసెను. ఆ కూతతో పొయ్యిచుట్టు ఇంటి దేవతలు లేచి, డాట్ మొదటిదినముననుండి ఆ యింట నెట్లు మెలగెనో, బిడ్డ నెట్లు లాలించెనో, మగని రాక కెట్లు ఎదురుచూచెనో యొక్కొక్క చిత్తరువుగా నతని కన్నుల ముందు నిలిపిరి. తెల్లవారునప్పటికి కోపము పోయి, దుఃఖ మొక్కటియే మిగిలెను.

తెల్లవారగనే అతడు టాకిల్టన్‌తో చెప్పిన మాటల సారాంశము మిక్కిలి గమనింపదగినది. తప్పు తనదే యని యతడు నిశ్చయించుకొనెను. అంత చిన్నదానిని, నవ్వులు తుళ్లింతలు విడువని పిల్లను, మొరటువాడనగు నేనేల చేసికొంటిని? ఆమెకు నాయందు ప్రేమ యున్నదో లేదో యేనాడైన ఆలోచించితినా? అని తన్ను తానే ప్రశ్నించుకొనెను. నింద వేయక, నలుగురిలో పరువు తీయక, ఆమెను పుట్టినింటికి పంపి విడిచిపెట్టుదునని తీర్మానించుకొనెను. ఆ కాలపు ఇంగ్లండులో వివాహిత ఆస్తిపై హక్కు భర్తదే, బిడ్డపై మొదటి హక్కు తండ్రిదే. అట్టి దినములలో ఒక బండివానిచే గ్రంథకర్త ఈ మాట పలికించుట సామాన్యము గాదు.

తరువాత చిక్కు విడిపోవును. ఆ పరదేశి మరెవ్వరో కాడు, కాలెబ్ కుమారుడగు ఎడ్వర్డే. మే తన్ను మరచి మనఃపూర్వకముగా పెండ్లాడుచున్నదో, బలవంతమునకు లోబడుచున్నదో తెలిసికొనుటకై వేషము వేసికొని వచ్చెను. జాన్ దాపరికము తెలియని మనిషి. రహస్యము అతని ముఖముననే బయటపడునని డాట్ తానొక్కతెయే దానిని భరించెను. టాకిల్టన్ పెండ్లి ముహూర్తమునకు ముందే ఎడ్వర్డును మేయును దంపతులైరి. డాట్ మగని మెడ కౌగిలించుకొని యింకొక సత్యమును కూడ చెప్పెను: తాను కాపురమునకు వచ్చినప్పుడు ఇప్పుడున్నంత ప్రేమ లేదనియు, అది దినదినము పెరిగినదనియు, ఆ రాత్రి జాన్ చూపిన ఔదార్యము తెలిసిన పిమ్మట మరింత పెరిగినదనియు. టాకిల్టన్ సైతము తన పెండ్లికై చేయించిన కేకును పంపి, పిదప తానే వచ్చి, నన్నును మీలో కలుపుకొనుడని వేడుకొనెను. అందరు నృత్య మాడిరి.

అడుగని ప్రశ్న

ఈ కథలో క్రిస్మసు పండుగ లేనేలేదు. టాకిల్టన్ పెండ్లికి పెట్టిన ముహూర్తము జనవరి నెల కడపటి దినము; జాన్, డాట్‌ల పెండ్లి దినమును అదియే. క్రిస్మసు చెట్టు లేదు, దేవాలయపు గంటలు లేవు, కానుకల పంపకము లేదు. అయినను ఇది క్రిస్మసు పుస్తకమని యెల్లరు నంగీకరించిరి. కారణ మేమి? ఇల్లు, మంట, పసిబిడ్డ, తప్పిపోయినవాడు తిరిగివచ్చుట, కఠినాత్ముడు కరగుట, అందరు నొక పంక్తిని కూర్చుండుట: పండుగలోని సారమంతయు నిందున్నది. పండుగ పేరు లేకున్న నేమి?

కాని మేము ఈ కథను మెచ్చుట కదియొక్కటియే కారణము గాదు. ఈ తేలిక కథలో మూడు దాపరికములు గలవు. టాకిల్టన్ తన కాఠిన్యము దాచలేదు గాని, ఒకరి గుట్టు రట్టు చేసి సంతోషించెను. అతని సంగతి యటుండనిండు. తక్కిన మూడును ప్రేమవలన పుట్టిన దాపరికములే. డాట్ స్నేహితులకు మేలు చేయగోరి మగనివద్ద దాచెను. కాలెబ్ కూతురిని సుఖపెట్టగోరి లోకము స్వరూపమునే మార్చి చెప్పెను. జాన్ భార్యను నొప్పింపగూడదని తన యనుమానమును తన గుండెలోనే దాచుకొనెను. ముగ్గురి యుద్దేశములును మంచివే. ముగ్గురివలనను నష్టము కలిగెను.

జాన్ ఔదార్యము నిజముగా గొప్పది. అయినను, అతడు రాత్రియెల్ల దేవతలను చూచెను, కీచురాయి కూత వినెను, తన తప్పు లెన్నుకొనెను, భార్య భవిష్యత్తు నిర్ణయించెను. ఆమెను మాత్రము ఒక్కమాట యడుగలేదు. నిన్న గోదాములో నీతో మాటలాడినవా డెవ్వడని యడిగినచో కథ అక్కడికక్కడ ముగిసియుండెడిది. ఆమె నపరాధినిగా నెంచినను, నిరపరాధినిగా నెంచినను, తీర్పు చెప్పినవా డతడే. డాట్ యెడలను న్యాయముగ పలుకవలెను. ఆమె యొక్క మాట చెప్పినను జాన్‌కు ఆ కాళరాత్రి తప్పియుండెడిది. అతని ముఖము రహస్యము దాచలేదని యామె యనుకొనెను. తన ముఖముననే యది బయటపడినదని యామె యెరుగదు. ప్రేమకథలలో నాయికానాయకులను విడదీయుటకు గ్రంథకర్తలు సముద్రములను, పగలను, శాపములను తెత్తురు. ఇచ్చట ఆలుమగలను విడదీయబోయినది అడుగని ప్రశ్న, చెప్పని మాట. ఇట్టి దూరము ఏ యింటనైన ఏర్పడగలదు. అందుచేతనే ఈ చిన్నకథ మనకు దగ్గరగా నుండును.

గ్రుడ్డిపిల్ల విషయము మరింత లోతైనది. 1922లో మాస్కోలో ఈ కథ నాటకముగా నాడబడుచుండగా లెనిన్ చూడబోయెను. అతని భార్య క్రూప్‌స్కాయా తన స్మృతులలో తెలిపిన ప్రకారము, ఆ మధ్యతరగతి కరుణరస మతనికి మొదటి యంకముననే విసుగు పుట్టించెను. ముసలి బొమ్మలవాడును గ్రుడ్డి కూతురును మాటలాడు ఘట్టము రాగానే సహింపలేక అతడు మధ్యలోనే లేచిపోయెను. కన్నీరు పిండు కథలయం దతనికి గల విముఖత్వము మనకర్థము కాకపోదు. డికెన్స్ అప్పుడప్పుడు కన్నీటిని అవసరమునకు మించి పిండునన్న మాటయు నిజమే. కాని లేచిపోయినవారు చూడని దొకటి యున్నది. తండ్రి చెప్పిన తీయని యబద్ధములు ఎంత తీయగా నుండునో చూపుటతో గ్రంథకర్త ఆగలేదు. ఆ యబద్ధమే పిల్ల గుండెను పగులగొట్టుటను చూపెను. కాలెబ్ చేతులు జోడించి, నేను నిన్ను మోసగించితినని కన్నకూతురియెదుట నొప్పుకొనుటను చూపెను. మొదట కుప్పగూలిన యా పిల్ల, చినిగిన గోనెకోటు తొడిగిన యా నెరసిన తండ్రినే, నీలికోటు తొడిగిన యా కల్పిత పురుషునికంటె నెక్కువగా ప్రేమించెను. నిజము తెలిసిన పిదపనే యామెకు తండ్రి లభించెను. ఇది వట్టి కన్నీటి కథ గాదు. బలహీనులను కాపాడు మిషతో వారికి నిజము దాచు ప్రతి యింటికిని ఇది బుద్ధి చెప్పుచున్నది.

రంగస్థలము, రచయిత యిల్లు

ఈ పుస్తకము వెలువడిననాడే లండను లైసియం నాటకశాలలో దీని నాటకరూపము ప్రదర్శింపబడెను. ఆల్బర్ట్ స్మిత్ అచ్చుప్రూఫులనుండియే దానిని సిద్ధపరచెను. 1859లో న్యూయార్కు నగరమున డయన్ బూసికాల్ట్ దీనినే ‘డాట్’ అను నాటకముగా మార్చగా, కాలెబ్ వేషము జోసెఫ్ జెఫర్సన్‌కు కీర్తి తెచ్చెను. 1896లో గోల్డ్‌మార్క్ దీనిని సంగీతనాటకముగా కూర్చగా వియన్నా నగరమున ప్రదర్శించిరి. 1909లో గ్రిఫిత్ చలనచిత్రముగా తీసెను. బండివాని పొయ్యి యిన్ని దేశములకు వెలుగు పంచినది.

అయితే ఆ పొయ్యిని వెలిగించినవాని యింట నేమయ్యెను? ఈ కథ వ్రాయునాటికి డికెన్స్‌కు పెండ్లియై తొమ్మిదేండ్లు. భార్య పేరు కేథరీన్. 1845 అక్టోబరులోనే వారికి మరియొక మగబిడ్డ పుట్టెను. ఆ యిల్లాలు పదిమంది బిడ్డలను కనెను. 1851లో, ‘లేడీ మేరియా క్లటర్‌బక్’ అను మారుపేరుతో, విందులలో వడ్డింపదగిన వంటకముల పట్టికలతో నొక పుస్తకమును వెలువరించెను. 1857లో డికెన్స్‌కు ఎలెన్ టెర్నన్ అను యువతియగు నటితో పరిచయ మయ్యెను. మరుసటి యేడు, పెండ్లియైన ఇరువదిరెండేండ్లకు, ఆయన భార్యను వేరుచేసెను. అంతటితో నాగక, 1858 జూను 12వ తేదీన తన పత్రికలోనే ఆ సంగతినిగూర్చి లోకమున కొక ప్రకటన చేసెను. పెద్దకుమారుడు తల్లివెంట పోయెను. తక్కిన బిడ్డలు తండ్రి యింటనే యుండిరి. భార్య పరువు తీయక పంపుదునన్న బండివాని మాట వ్రాసిన కలమే ఈ ప్రకటన వ్రాసినది. కేథరీన్ బదులుగా పత్రికల కెక్కలేదు. 1879లో మరణించుటకు ముందు, భర్త తనకు వ్రాసిన ఉత్తరములను కూతురి చేతికిచ్చి, ఆయన యొకప్పుడు తన్ను ప్రేమించెనని లోకము తెలిసికొనునట్లు బ్రిటిష్ మ్యూజియమునకు చేర్పుమని కోరెను. ఆమె కోరిక నెరవేరెను.

ఇది తెలిసిన పిదప ‘పొయ్యిదరి కీచురాయి’ అబద్ధమైపోవునా? కాదని మా యభిప్రాయము. వ్రాసినవాడు దానిమాట నిలుపుకొనలేకపోయిన మాత్రమున కథలోని మాట చెడదు. పైగా, అట్టి మాటలు వ్రాయగలుగుట యొకటి, దినదినము వానిని బ్రదుకుట మరొకటి యని యిందువలన తేటపడుచున్నది. కథలో జాన్‌కు మూడు కూతలు చాలెను; కాపురమున నిన్ని కూతలు చాలునని లెక్క లేదు. గ్రంథకర్తయే దీనిని లోలోపల నెరిగియుండునేమో! కథ ముగింపున అందరు నృత్యమాడుచుండగా ఆ బొమ్మలన్నియు నొక్కసారిగా మాయమగును. పొయ్యిదరి కీచురాయియు, నేలపై విరిగిన యొక యాటబొమ్మయు దప్ప మరేమియు మిగులదు. సంతోషకథ కిట్టి ముగింపు పెట్టిన చేయి, సుఖ మెంత పలుచని గాజుపాత్రయో యెరుగని చేయి గాదు.

కావున పండుగ దినములలో ఇట్టి చిన్నకథలను చదువుట కాలము వృథా చేయుటయని యెవ్వరైన ననినచో మా సోదరీమణులు సిగ్గుపడనక్కరలేదు. ఈ పుస్తకము పెద్దది గాదు. మూడు కూతలు, మూడు రాత్రులు. పిల్లలకు టిల్లీ చేష్టలును బాక్సర్ పరుగులును చాలును. పెద్దవారు రెండవ కూత ముగియుచోట నొకింత ఆగి, అచ్చట జాన్ ఏమి యడుగవలసినదో, డాట్ ఏమి చెప్పవలసినదో తమలో తాము చర్చించుకొందురు గాక. ఆ చర్చలో తమ యింట చాలకాలముగా అడుగక నిలిచిపోయిన ప్రశ్న యేదైన నొకటి పెదవులపైకి వచ్చినచో, దానిని మ్రింగివేయక, మెల్లగా, కోపము లేకుండ, ఆ రాత్రియే యడుగుట మంచిది.